మందులో ఉన్నది మందేనా?

మా విజయనగరంలో మందుల షాపు వేరు, మందు షాపు వేరు. గంటస్తంభం దగ్గర నిలబడి ఎవరినైనా దారి అడిగేటప్పుడు బహువచనం పలకడం మరచిపోతే, జ్వరంతో ఉన్న మనిషి కూడా వేరే వరుసలోకి వెళ్లి నిలబడవలసి వస్తుంది. రోగాన్ని నయం చేసేదానికీ, మనిషిని రోగిగా మార్చేదానికీ తెలుగులో ఒకే మాట ఎలా స్థిరపడిందో తెలియదు గాని, ఇరవై రెండేళ్లుగా మందుల షాపు కౌంటరు వెనుక నిలబడుతున్న ముస్లింగా నాకు ఆ మాట తరచు గుచ్చుకుంటూనే ఉంటుంది. ఎందుకంటే నేను అమ్మే సీసాల్లో కొన్నింటిలో మందు ఉంటుంది, ఆ మందులో "మందు" కూడా ఉంటుంది.

ఈ విషయం రాయాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను. రాయక తప్పని పరిస్థితి కిందటి సంక్రాంతి ముందు చలిలో వచ్చింది. బాబామెట్ట వైపు నుంచి వచ్చే ఒక ఖాలా (పిన్ని వరుస), నా చిన్నతనం నుంచి నన్నెరిగిన మనిషి, డాక్టరు రాసిచ్చిన చీటీతో వచ్చారు. దగ్గుకు సిరప్ రాశారు. సీసా చేతిలోకి తీసుకుని, చుట్టూ ఉన్నవాళ్లకు వినపడకుండా గొంతు తగ్గించి, "ఇందులో అది ఉందేటి బాబూ?" అని అడిగారు. ఆమె ఆ పదార్థం పేరు నోటితో అనరు. షాపు ముందు జనం మూగి ఉన్నారు. సీసా వంక చూడనైనా చూడకుండా, "లేదు ఖాలా, ధైర్యంగా తాగండి" అని పంపేశాను.

నాలుగు రోజుల తరువాత ఆ సీసా చేతిరుమాలులో చుట్టుకుని తిరిగి వచ్చింది. ఇంటర్మీడియట్ చదువుతున్న మనవడు సెల్‌ఫోను కెమెరాతో లేబులు మీది చీమతలకాయంత అక్షరాలను పెద్దవి చేసి చదివాడట. అడుగున, బ్యాచ్ నంబరుకు పైన, ఆల్కహాల్ 5 శాతం అని ఉంది. ఖాలా నన్ను ఒక్క మాట కూడా అనలేదు. కౌంటరు మీద సీసా పెట్టి, "నాలుగు రోజుల నమాజులు దీని మీదే చదివీసినాను బాబూ, అవి ఏటవుతాయి?" అని మాత్రం అడిగారు. ఖమ్ర్, అంటే మద్యం, తాగినవాడి నమాజు నలభై రోజుల వరకు స్వీకరింపబడదన్న హదీసు (ప్రవక్త వచనం) ఆమె చిన్నప్పుడే విన్నారు. ఆ నలభైలో నాలుగు గడిచాయా, లేక నలభై మొదలయ్యాయా అన్నది ఆమె లెక్క.

ఆ రాత్రి ఇషా నమాజు తరువాత మా ఇమాం సాహెబ్ దగ్గర కూర్చున్నాను. ఆయన ముందుగా ఆమె నమాజుల సంగతి తేల్చేశారు. తెలియక, ఒకరి మాట నమ్మి, రోగం తగ్గడానికి తీసుకున్న దానికి ఆమె మీద దోషం లేదు, నమాజులు మళ్లీ చదవనక్కరలేదు. తరువాత నన్ను మూడు ప్రశ్నలు అడిగారు. ఎంత ఉంది? దేనితో చేసినది? అది లేని మందు దొరుకుతుందా? మొదటి రెండింటికీ ఏదో ఒకటి చెప్పగలిగాను. మూడో దాని దగ్గర తడబడితే ఆయన నవ్వి, "మొదటి రెండూ కితాబుల్లో ఉంటాయి. మూడోది మీ అల్మరాలో ఉంటుంది" అన్నారు.

ఆ మాట పట్టుకునే ఇదంతా రాస్తున్నాను. అయితే మూడో ప్రశ్నకు చేరే ముందు మొదటి రెండింటి గుండా నడవక తప్పదు.

అసలు నిషేధం ఎక్కడ ఉందో అక్కడి నుంచి మొదలుపెట్టాలి. ఖుర్ఆన్ మద్యాన్ని ఒక్కసారిగా కాక మెట్లు మెట్లుగా నిషేధించింది. అల్ బఖరా సూరా (అధ్యాయం) 219వ ఆయతు (వాక్యం) అందులో కొంత ప్రయోజనం ఉన్నా పాపమే ఎక్కువని చెప్పింది. అన్నిసా సూరా 43వ ఆయతు మత్తులో ఉండగా నమాజు దరిదాపులకు పోవద్దంది. చివరగా అల్ మాయిదా సూరా 90వ ఆయతు దాన్ని షైతాను పనులలో చేర్చి పూర్తిగా మానుకోమంది. అక్కడ వాడిన మాట ఖమ్ర్. ఆ ధాతువుకు కప్పివేయడం అని అర్థం, స్త్రీలు తలకు వేసుకునే ఖిమార్ కూడా ఆ ధాతువు నుంచి వచ్చినదే. ఖలీఫా ఉమర్ మసీదులోని మింబరు (ప్రసంగ వేదిక) మీద నుంచి ప్రసంగిస్తూ, ఆ రోజుల్లో ద్రాక్ష, ఖర్జూరం, తేనె, గోధుమ, బార్లీలతో దాన్ని చేసేవారని పేర్కొని, బుద్ధిని కప్పివేసేది ఏదైనా ఖమ్రేనని వివరించారు.

ఇక మందుగా తాగడం మాటేమిటి? తారిఖ్ బిన్ సువైద్ అనే సహాబీ (ప్రవక్త సహచరుడు) ఇదే ప్రశ్న వేశారు. తాను దాన్ని ఔషధం కోసమే తయారు చేస్తున్నానని ఆయన విన్నవించుకుంటే, అది ఔషధం కాదు, అదే రోగం అని ప్రవక్త (స) బదులిచ్చినట్లు సహీహ్ ముస్లింలో ఉంది. తెలుగులో ఆ హదీసు చదివినప్పుడల్లా నాకు మా భాషలోని తిరకాసు గుర్తుకొస్తుంది. అది మందు కాదు అని మందు గురించే చెప్పాలి!

ఈ హదీసు నేరుగా తగిలే అలవాటు ఒకటి మా జిల్లాల్లో కులమతాలతో పని లేకుండా ఉంది. జలుబు ముదిరితే బ్రాందీలో గుడ్డు కొట్టుకుని తాగడం, చలికి వణికే చంటిపిల్లవాడి నాలుకకు రెండు చుక్కలు రాయడం. వీటిని సమర్థించే ఫత్వా నేనెక్కడా చదవలేదు, వైద్యం తెలిసినవాడిగానూ సమర్థించలేను. ఆల్కహాల్ చర్మం కింది రక్తనాళాలను వెడల్పు చేసి వెచ్చదనాన్ని బయటకు పంపేస్తుంది. ఒళ్లు వెచ్చబడినట్లు అనిపించే సమయానికి లోపల చల్లబడుతూ ఉంటుంది.

కాని సిరప్ సంగతి అలాంటిది కాదు. సిరప్‌లో ఆల్కహాల్ రోగాన్ని తగ్గించడానికి ఉండదు. నీటిలో కరగని కొన్ని మూలికల సారాలను, కొన్ని రసాయనాలను కరిగించి పట్టి ఉంచడానికి, సీసా తెరిచాక బూజు పట్టకుండా కాపాడడానికి ఉంటుంది. ఎవరూ దాన్ని సరదాకు తాగరు, దానితో మత్తు రావాలని డాక్టరు కోరుకోడు. తారిఖ్ అడిగిన ప్రశ్నలో ఖమ్రే ఔషధం, ఖాలా అడిగిన ప్రశ్నలో అది ఔషధాన్ని మోసుకొచ్చే బండి. రెండింటినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదని నా అభిప్రాయం, అంతమాత్రాన బండి గురించి ఆలోచించనక్కరలేదనీ కాదు.

ఇప్పుడు మొదటి ప్రశ్న, ఎంత ఉంది? ఖాలా తాగినది రోజుకు మూడుసార్లు, పూటకు 10 మిల్లీలీటర్లు. 5 శాతం చొప్పున రోజుకు ఒకటిన్నర మిల్లీలీటరు ఆల్కహాల్, నాలుగు రోజులకు కలిపి చెంచాడు దాటిన కొద్దిపాటి. ఇంతేగా అనిపిస్తుంది. కాని హదీసు ఒకటి అడ్డుపడుతుంది. ఎక్కువ తాగితే మత్తెక్కించేదాన్ని కొంచెం తాగడమూ హరామే. మరి ఆ సిరప్ ఒక లీటరు తాగితే? అందులోని ఆల్కహాల్ మత్తెక్కించే ముందే మిగతా దినుసులు మనిషిని ఆసుపత్రి పాలు చేస్తాయి కనుక ఆ ప్రశ్నకు అర్థం లేదని కొందరు పండితులు అంటారు. చుక్క మద్యం పెద్ద గాబులో పడి రుచి, రంగు, ప్రభావం అన్నీ కోల్పోయినట్లుగా ఇక్కడ ఆల్కహాల్ కరిగిపోయిందని, దానికి ఇస్తిహ్లాక్ అని పేరు పెట్టి అనుమతించేవారు ఉన్నారు. 5 శాతాన్ని అలా కరిగిపోయినదనవచ్చా అని కచ్చితంగా ఉండేవారు ఎదురు ప్రశ్నిస్తారు. వారి ప్రశ్నలో పస లేదని నేననలేను.

ఆ ప్రశ్న ఇంకా గట్టిగా నిలిచేది అరిష్టాలు, ఆసవాలు అనే ఆయుర్వేద మందుల దగ్గర. దశమూలారిష్టం వంటివాటిలో ఆల్కహాల్ బయట నుంచి పోసేది కాదు. కషాయంలో బెల్లం, ధాతకి పువ్వులు వేసి రోజుల తరబడి పులియబెడితే దానంతట అదే పుడుతుంది. "స్వయంగా పుట్టిన ఆల్కహాల్" అని లేబులు మీదే ఉంటుంది. 8 శాతం ఉన్న 450 మిల్లీలీటర్ల సీసాను తీసుకుంటే అందులో 36 మిల్లీలీటర్లు ఆల్కహాలే. 5 శాతం ఉన్న 650 మిల్లీలీటర్ల బీరు సీసాలో ఉండేది ముప్పై రెండున్నర. పూటకు నాలుగు చెంచాలు నీళ్లలో కలుపుకుని తాగే బాలింతకు ఈ లెక్క అనవసరం. కాని సాయంత్రం ఏడింటికి వచ్చి రోజుకో సీసా పట్టుకెళ్లే మనిషికి అజీర్తి లేదని అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికీ తెలుసు. హోమియో మందుల్లో 12 శాతానికి మించి ఆల్కహాల్ ఉంటే 30 మిల్లీలీటర్ల కన్నా పెద్ద సీసాలో అమ్మకూడదని ఔషధ నియమాలు పెట్టింది ఈ సాయంత్రం ఏడింటి మనుషులను దృష్టిలో పెట్టుకునేనని అనుకుంటాను.

పులియడం గురించి మా ప్రాంతంవాళ్లకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. సున్నం రాసిన కుండలో తెల్లవారకముందు దించిన తాటి నీరా తియ్యటి నీళ్లు, అదే మామూలు కుండలో ఎండ ఎక్కేవరకు ఉంటే కల్లు. చెట్టు ఒకటే, గీత ఒకటే, తేడా కొన్ని గంటలు. మదీనాలోనూ ఇదే లెక్క నడిచింది. నానబెట్టిన ఎండుద్రాక్ష నీటిని ప్రవక్త (స) ఆ రోజు, మరునాడు, మూడో రోజు సాయంత్రం వరకు తాగేవారని, ఆ తరువాత మిగిలినదాన్ని తాము తాగేవారు కారని ఇబ్నె అబ్బాస్ చెప్పారు. పదార్థం పేరును బట్టి గాక అది చేరిన స్థితిని బట్టి తీర్పు ఉంటుందని నాకు బోధపడింది ఈ హదీసుతోనే. బాగా ముగ్గిన అరటిపండులో, పెరుగులో, రొట్టెలో లేశమాత్రం ఆల్కహాల్ ఉండడం ఎవరినీ కలవరపెట్టదు, పెట్టనక్కరలేదు కూడా.

రెండో ప్రశ్న, దేనితో చేసినది? ఇది హనఫీ మజ్‌హబ్‌లో, అంటే ఇస్లామీ ధర్మశాస్త్రపు నాలుగు సంప్రదాయాల్లో ఒకదానిలో, పుట్టిన ప్రశ్న, మా ఉత్తరాంధ్ర మసీదుల్లో ఎక్కువగా నడిచేది ఆ మజ్‌హబే. ఇమాం అబూ హనీఫా, ఆయన శిష్యుడు అబూ యూసుఫ్ ద్రాక్ష, ఖర్జూరాలతో చేసిన మద్యాలను పూర్తిగా నిషిద్ధంగా ఎంచి, ధాన్యం, తేనె వంటివాటితో చేసినదాన్ని మత్తు రానంత కొద్దిగా, విలాసానికి కాక అవసరానికి తీసుకోవడాన్ని వేరుగా చూశారు. మరో శిష్యుడు ఇమాం ముహమ్మద్ ఈ తేడాను ఒప్పుకోక తక్కిన మూడు మజ్‌హబ్‌ల ఇమాముల పక్షాన నిలిచారు. తాగుడు విషయంలో హనఫీలు ఈనాడు అనుసరించేది కచ్చితమైన ఆ మాటనే. కాని మందుల విషయంలో, జనమంతా తప్పించుకోలేని అవసరం కనుక, ఉపఖండపు ముఫ్తీలు (ధర్మసందేహాలు తీర్చే పండితులు) చాలామంది మొదటి ఇద్దరి మాటలోని వెసులుబాటును వాడుకున్నారు.

మన దేశంలో మందుల్లో వాడే ఆల్కహాల్‌లో చాలా భాగం చెరుకు మొలాసిస్ నుంచి, ఈ మధ్య నూకలు, మొక్కజొన్నల నుంచి వస్తుంది. భీమసింగి చక్కెర ఫ్యాక్టరీ నడిచిన కాలంలో, చెరుకు బళ్లు బారులు తీరిన రోజుల్లో గాలి మళ్లితే వచ్చిన ఆ మగ్గిన తీపి వాసన ఇక్కడివాళ్లకు తెలుసు. ద్రాక్షతోటలు లేని మా జిల్లాలో ఈ వెసులుబాటు అర్థం చేసుకోవడం తేలిక. ద్రాక్షాసవం దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఆ తేలిక పోతుంది, పేరులోనే ద్రాక్ష ఉంది. ఎవరైనా ముస్లిం సోదరుడు వచ్చి ద్రాక్షాసవం అడిగితే నేను ఇమాం సాహెబ్‌ను అడిగి రమ్మంటాను. ఇది వ్యాపారానికి నష్టమే.

మిగిలింది మూడో ప్రశ్న. 1986లో అమ్మాన్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ (ధర్మశాస్త్ర) అకాడమీ ముందుకు ఆల్కహాల్ కలిసిన మందుల సంగతి వచ్చింది. అది లేని మందు దొరకనప్పుడు, తన విద్యలో నిపుణుడూ నమ్మదగినవాడూ అయిన వైద్యుడు రాసిస్తే ముస్లిం రోగి దాన్ని వాడవచ్చని వారు తీర్మానించారు. 2002లో మక్కాలో ముస్లిం వరల్డ్ లీగ్ ఫిఖహ్ మండలి కూడా, తయారీకి తప్పనిసరై, వేరే మార్గం లేక, కొద్ది మోతాదులో కలిసి కరిగిపోయిన ఆల్కహాల్ విషయంలో దాదాపు ఇదే మాట చెప్పి, గాయాలు శుభ్రం చేయడానికి పైపూతగా వాడడాన్ని అనుమతించింది. గత్యంతరం లేని స్థితిలో నిషిద్ధం సడలుతుందని అల్ బఖరా 173వ ఆయతు చెప్పిన సూత్రమే దీనికి మూలం. ఆ సడలింపు అవసరం ఎంతవరకో అంతవరకే అన్న షరతూ దానితోపాటే ఉంది.

ఈ తీర్మానాలను జనం "మందుల్లో ఉన్నా ఫరవాలేదట" అని కుదించి చెప్పుకుంటారు. మొదటి సగాన్ని వదిలేస్తారు. అది లేని మందు దొరకనప్పుడు అన్న మాటలో ఎంత బరువుందో నాకు ఆ రాత్రి తెలిసింది. దొరుకుతుందో లేదో ముఫ్తీకి తెలియదు, రోగికి తెలియదు, రోజుకు వంద చీటీలు రాసే డాక్టరుకు గుర్తుండదు. తెలిసినవాడు సీసాలు సర్దే మనిషి. ఆల్కహాల్ 3 శాతం గాని అంతకు మించి గాని ఉంటే ఎంత ఉందో లేబులు మీద వేయాలని మన ఔషధ నియమాలు చెబుతున్నాయి. అంటే చదవడానికి అక్షరం ఉంది, నేనే చదవలేదు.

ఆ వారం షాపు మూసాక రెండు రాత్రులు కూర్చుని అల్మరాలో ఉన్న ద్రవాలన్నింటి లేబుళ్లు భూతద్దంతో చదివి నోటుపుస్తకంలో రాశాను. దగ్గు సిరప్‌లలో చాలావాటిలో ఆల్కహాల్ లేదు, గ్లిసరిన్, సార్బిటాల్, ప్రొపిలిన్ గ్లైకాల్ ఆ పని చేస్తున్నాయి. ఖాలాకు రాసిన మందుకు సరిగ్గా అదే దినుసులతో, ఆల్కహాల్ లేకుండా చేసినది రెండో అరలోనే ఉంది. చేయి చాపితే అందేంత దూరంలో. టానిక్కులకు బదులు మాత్రలున్నాయి. దశమూలారిష్టం బదులు దశమూల చూర్ణాన్ని ఇంట్లో కషాయం కాచుకోవచ్చు, ఓపిక కావాలంతే. హోమియోలో చుక్కల బదులు పాలచక్కెరతో నూరిన మాత్రలు కొన్ని మందులకు దొరుకుతాయి.

దొరకని సందర్భాలూ ఉన్నాయి. హెచ్‌ఐవీ సోకిన పసివాళ్లకు ఇచ్చే లోపినావిర్, రిటొనావిర్ ద్రావణంలో ఆల్కహాల్ 42 శాతం ఉంటుంది. నెలలు నిండకుండా పుట్టిన శిశువులకు ఇవ్వకూడదని హెచ్చరిక కూడా ఉంది. మాత్ర మింగలేని బిడ్డకు డాక్టరు అదొక్కటే మార్గమని రాసినప్పుడు తల్లి సందేహించవలసిన పని లేదు. ఫిఖహ్‌లో జరూరత్ (తప్పనిసరి అవసరం) అన్న మాట పుట్టిందే అటువంటి బిడ్డ కోసం.

ఆల్కహాల్ లేదన్నంత మాత్రాన మందు మంచిదైపోదన్నది కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ మధ్య ఆ మాటను లేబులు మీద పూలదండలా వేస్తున్నారు. 1937లో అమెరికాలో ఒక సల్ఫా మందును ఆల్కహాల్ బదులు డైఈథిలిన్ గ్లైకాల్‌లో కరిగించి ఎలిక్సిర్ అన్న పేరుతో అమ్మితే వంద మందికి పైగా చనిపోయారు. ఎలిక్సిర్ అంటే ఆల్కహాల్ ఉండి తీరాలి, ఇందులో లేదు కనుక పేరు తప్పు అన్న నేరం మీదే అక్కడి అధికారులు ఆ సీసాలను పట్టుకోగలిగారు, అంతకు మించి చట్టం అప్పటికి లేదు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారా జిల్లాలో పసిపిల్లలను పొట్టన పెట్టుకున్న దగ్గు మందులోనూ తేలినది ఆ విషమే. పిల్లల విషయంలో ఆల్కహాల్‌ను అమెరికా 1995లో మత ప్రసక్తి లేకుండానే కట్టడి చేసింది. డాక్టరు చీటీ లేకుండా అమ్మే మందుల్లో ఆరేళ్ల లోపువారికి అర శాతం, పన్నెండేళ్ల లోపువారికి 5 శాతం దాటకూడదు. మన అమ్మమ్మలు చంటిపిల్లలకు పట్టిన గ్రైప్ వాటర్ 1851లో ఇంగ్లండులో పుట్టినప్పుడు అందులోనూ ఆల్కహాల్ ఉండేది, తరువాత తీసేశారు.

నా నోటుపుస్తకం ఇప్పుడు ముస్లింలకు మాత్రమే పనికొస్తున్నదని అనుకోవద్దు. నెల్లిమర్ల నుంచి వచ్చే ఒకాయన తాగుడు మానడానికి డైసల్ఫిరామ్ మాత్రలు వాడుతున్నారు. ఆ మాత్ర మీద ఉన్నవారు అరిష్టం తాగితే ముఖం కందిపోయి, గుండె దడదడలాడి, వాంతులతో పడిపోతారు. ఆయనకు మా కుర్రాడు ఆకలి కోసం ఒక టానిక్కు ఇవ్వబోతుంటే పుస్తకం చూసి ఆపాను. ఆయన అడిగిన ప్రశ్నా, ఖాలా అడిగిన ప్రశ్నా ఒకటే. "ఇందులో అది లేదు కదా బాబూ" అనే ఆయనా అడిగారు, ఆయన కూడా పేరు అనలేదు.

ఖాలాకు, లేబుళ్లు చదివిన మరునాడే, రెండో అరలోని సీసా నేనే ఇంటికి తీసుకెళ్లి ఇచ్చి, చదవకుండా చెప్పినందుకు మన్నించమన్నాను. డబ్బు తీసుకోబోనంటే ఆమె ఒప్పుకోలేదు. అప్పటి నుంచి మనవడు ఏ మందు కొన్నా లేబులు ఫొటో తీసి పంపుతున్నాడు. పోయిన వారం చర్మానికి రాసే లోషన్ ఒకటి వెనక్కి వచ్చింది, దినుసుల్లో సెటైల్ ఆల్కహాల్ అని ఉందట. అది మైనంలాంటి గట్టి పదార్థమని, రసాయనశాస్త్రం లెక్కలో ఆ కుటుంబానికి చెందినందుకు ఆ పేరు వచ్చిందని, దానితో మత్తు రాదని చెప్పాను. ఆమెకు నమ్మకం కుదరలేదు. మత్తు లేనిదానికి ఆ పేరెందుకు పెట్టారని అడిగారు. అప్పుడు, ఆల్కహాల్ అన్నది అసలు అరబ్బీ మాటేనని, అల్ కుహ్ల్ అంటే మెత్తగా నూరిన సుర్మా అని, ఐరోపావాళ్లు ఆ మాటను మెత్తటి పొడి నుంచి వడగట్టిన సారానికీ, అక్కడి నుంచి ద్రాక్షసారాకీ మళ్లించారని చెప్పాను.

ఖాలా లోషన్ సీసాను సంచిలో వేసుకుంటూ, "మనం కంటికి పెట్టుకున్నదాని పేరు పట్టుకెళ్లి ఎక్కడ పెట్టీసినారు చూడు" అని, చిల్లర లెక్క చూసుకుని వెళ్లారు.